పండక్కొచ్చిన అల్లుడు, పొర్లిన ట్యాంకు

భీమవరంలో ఆ ఇంటి మేడ మీది ట్యాంకుకి ఏళ్ల తరబడి ఒక అలారం ఉంది. దానికి కరెంటు అక్కర్లేదు, పాస్‌వర్డ్ లేదు. "వదినగారూ! మీ ట్యాంకు పొర్లిపోతోందండీ!" అని గోడవతల నుంచి ఒక్క కేక. అత్తగారు గరిటె పడేసి పరుగున వెళ్లి మోటారు కట్టేస్తారు. నిండుకుండ తొణకదన్న పెద్దమనిషి ఇంట్లో మోటారు లేదు కాబోలు.

సంక్రాంతికి హైదరాబాదు నుంచి దిగిన అల్లుడుగారికి ఈ ఏర్పాటు నామోషీగా తోచింది.

"వై-ఫై ఉన్న ఇంట్లో ఈ కేకలేంటి మామయ్యగారూ? మూడు రోజుల్లో ట్యాంకుని ఫోన్లోకి తెచ్చేస్తాను."

"వెయ్యి లీటర్లు బాబూ, పడుతుందా?" అన్నారు అత్తగారు.

నీటిమట్టం ఫోన్లో చూపించి మోటారు నడిపే పరికరానికి కావలసినవి చూసే కన్ను, ఆలోచించే బుర్ర, కబురు చెప్పే గొంతు, పని చేసే చెయ్యి. కన్ను, ధ్వని పంపి దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సరు. బుర్రా గొంతూ కలిపి ఈఎస్‌పీ8266 చిప్పున్న నోడ్‌ఎమ్‌సీయూ బోర్డు, వై-ఫై అందులోనే ఉంటుంది. చెయ్యి రిలే, అంటే బోర్డు చెప్పినట్టు కరెంటు కలిపే, తెంచే చిన్న స్విచ్చు. 1980ల మొదట్లోనే అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్లు కూల్‌డ్రింకుల మెషీన్ని నెట్‌వర్కుకి కలిపారు. సీసాలున్నాయా, చల్లబడ్డాయా అన్నది కుర్చీలోంచి లేవకుండా తెలుసుకోవడానికి. ఈ విద్యకి మూలపురుషుడు బద్ధకమే కాబట్టి పండక్కొచ్చిన అల్లుడికి ఇంతకన్నా తగిన పని లేదు.

భోగి రోజంతా కేబుల్‌కి ఆహుతైంది. ల్యాప్‌టాప్‌కి బోర్డు తగిలిస్తే దాని మీద లైటు వెలుగుతుంది, బోర్డుకి ప్రోగ్రాము రాసి ఎక్కించే ఆర్డూయినో ఐడీఈలో పోర్టు మాత్రం కనిపించదు. బోర్డుని ల్యాప్‌టాప్‌కి పరిచయం చేసే సీహెచ్340 డ్రైవరు మూడుసార్లు తీసి మూడుసార్లు వేశారు. తప్పు డ్రైవరుది కాదు. కొన్ని యూఎస్‌బీ కేబుళ్లలో కరెంటు తీగలు రెండే ఉంటాయి, డేటా తీగలుండవు. సాయంత్రం బావమరిది తన ఫోను కేబుల్ ఇచ్చాడు, పోర్టు ప్రత్యక్షమైంది. బోర్డు మాటలు చూపించే సీరియల్ మానిటర్‌లో మొదట పిచ్చిగీతలు పడ్డాయి. ఈ చిప్పు నిద్ర లేస్తూ సెకనుకి 74880 బిట్ల వేగంతో గొణుగుతుంది, చూసేవాళ్లేమో 115200లో పెట్టుకుని కూర్చుంటారు. కంగారు పడక్కర్లేదు, మన ప్రోగ్రాము మొదలయ్యాక అక్షరాలు కుదుటపడతాయి. మామయ్యగారు మాత్రం కళ్లజోడు సవరించుకుని, "తాళపత్రమా?" అన్నారు.

పెద్దపండగనాడు సెన్సరు మేడెక్కింది. హెచ్‌సీ-ఎస్‌ఆర్04 అనే ఆ సెన్సరుకి ట్రిగ్గర్ పిన్ను మీద 10 మైక్రోసెకన్ల తట్టు తడితే చాలు, 40 కిలోహెర్ట్జ్ ధ్వని పంపి తిరిగొచ్చేదాకా కాచుకుంటుంది. వచ్చిన మైక్రోసెకన్లను 58తో భాగిస్తే సెంటీమీటర్లు. 1740 వస్తే నీళ్లు 30 సెంటీమీటర్ల కింద ఉన్నట్టు. చిక్కల్లా దాని ఎకో పిన్ను 5 వోల్టులిస్తుంది, బోర్డేమో 3.3 వోల్టుల ప్రాణి. మధ్యలో 1 కిలోఓమ్, బోర్డు పిన్ను నుంచి గ్రౌండుకి 2 కిలోఓమ్‌ల రెసిస్టర్లు పెడితే 5 కాస్తా 3.3 అవుతుంది. ఇది అల్లుడుగారు బుద్ధిగా చేశారు. మిగతాదే చెయ్యలేదు.

ట్యాంకు నిండినా, సగమైనా తెర మీద 43 సెంటీమీటర్లే. ధ్వని సన్నగా గీత గీసినట్టు పోదు, గరాటులా విచ్చుకుంటుంది. పక్కనే దిగిన నీళ్ల పైపుకి తగిలి వెనక్కొస్తోంది. మూత నడుమకి జరిపితే లెక్క కుదిరింది. సాయంత్రానికి సున్నా చూపించడం మొదలుపెట్టింది: ఎండకి కాగిన నల్లట్యాంకులో ఆవిరి చల్లబడి, బొట్లుబొట్లుగా సెన్సరుకి అభ్యంగన స్నానం చేయించింది. ట్యాంకులకి వాడాల్సింది నీళ్లు చొరని జేఎస్‌ఎన్-ఎస్‌ఆర్04టీ. అదృష్టం, సంచిలో అదీ ఉంది. దానికి చత్వారం, 20 సెంటీమీటర్ల లోపలిది సరిగా చూడలేదు. నిండుమట్టానికి 25 సెంటీమీటర్లు పైనే బిగించాలి.

ఇక గొంతు. ఈ బోర్డుకి 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫై తప్ప వినపడదు, 5 గిగాహెర్ట్జ్ పేరు ఎన్నిసార్లు కొట్టినా దండగ. కబుర్లు ఎమ్‌క్యూటీటీ పద్ధతిలో వెళ్తాయి: ఒకరు సర్వరుకి చెబితే, రెండోవాళ్లు అక్కణ్నుంచి వింటారు. 1999లో చమురు గొట్టాల మీద నిఘాకి పుట్టిన పద్ధతి, కనుక నీళ్ల గొట్టాలు దానికి లెక్కకాదు. అల్లుడుగారు ఎవరైనా వాడుకోగల ఉచిత సర్వరు ఎంచుకుని, కబురుకి చిరునామా లాంటి టాపిక్‌కి 'హోమ్ ట్యాంక్' అని పేరు పెట్టారు. మట్టం 97 శాతం అంది, వెంటనే 12 అంది, మళ్లీ 97. రాముడని పేరెడితే వీధికి నలుగురు పలుకుతారు. ప్రపంచంలో మరో బద్ధకస్తుడు కూడా అదే పేరు పెట్టుకున్నాడు. పేరు ఎవరూ ఊహించలేనంత పొడుగ్గా మార్చాక ఆ పరాయి ట్యాంకు పోయింది. నిజానికి పాస్‌వర్డ్ ఉన్న సొంత సర్వరు కావాలి, లేకపోతే ఇవాళ మట్టం చూసినవాడు రేపు మోటారే వేస్తాడు.

రిలేని మోటారుకి నేరుగా తగిలించలేదు, ఆ ఒక్కటీ మామయ్యగారి పట్టుదల. మోటారు స్టార్టయ్యే క్షణంలో మామూలు కన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. 10 ఆంపియర్ల చిట్టి రిలే పలకలు అతుక్కుపోతే ఆఫ్ అన్నా ఆగదు. ఎలక్ట్రీషియన్ వచ్చి మోటారు భారం మోసే పెద్ద స్విచ్చు, కాంటాక్టర్ బిగించాడు, రిలే దాన్ని లాగే కాయిల్‌ని నడుపుతుంది. రిలే తీగ బోర్డు డి4 పిన్ను మీద ఉన్నంతసేపూ బోర్డు స్టార్టయినప్పుడల్లా టక్కుమని కొట్టుకుంది. డి3, డి4, డి8 పిన్నులకి బూటయ్యేటప్పుడు వేరే కొలువుంది. డి5కి మార్చగానే సద్దుకుంది.

కనుమనాడు కాకైనా కదలదంటారు. మోటారు కదిలింది.

తెల్లవారుజామున కరెంటు పోయి వచ్చింది. రౌటరు రెండు నిమిషాలకి లేచింది, బోర్డు సర్వరుకి హాజరు వేయించుకుంది. ముందు రోజు అల్లుడుగారు మోటారు ఆన్ అన్న ఆజ్ఞని 'రిటైన్' టిక్కు పెట్టి పంపారు. రిటైన్ అంటే చివరి మాట సర్వరు దాచిపెట్టుకుని, మళ్లీ వచ్చినవాడికల్లా అప్పగిస్తుంది. నిన్నటి ఆజ్ఞ ఇవాళ అమలైంది. మరి ఆపాలి కదా? 90 శాతం దాటగానే ఆఫ్ పంపే బాధ్యత ఫోన్లోని యాప్‌ది. ఫోను బ్యాటరీ పొదుపు కోసం ఆ యాప్‌ని రాత్రే నిద్రపుచ్చింది. నీళ్లు మెట్ల మీదుగా దిగి ముగ్గు కడుక్కుంటూ గొబ్బెమ్మల దాకా వెళ్లాయి.

"వదినగారూ!"

మధ్యాహ్నం గారెలు చల్లారిపోతున్నా అల్లుడుగారు కదల్లేదు. ఆన్ ఆజ్ఞకి రిటైన్ తీసేసి, సర్వరులో మిగిలిన పాతదాన్ని తుడవడానికి అదే టాపిక్‌కి ఖాళీ సందేశం రిటైన్‌తో పంపారు. ఆపే నిర్ణయం ఫోన్లోంచి బోర్డులోకి దించారు, నెట్ లేకపోయినా ఆగేలా. పావుగంటలో నిండే ట్యాంకుకి గరిష్ఠంగా 20 నిమిషాలు, ఆపైన సెన్సరు ఏమన్నా సరే ఆఫ్. ప్రోగ్రాములో వై-ఫై కోసం కూర్చుండిపోయే లూపు తీసేశారు, ఎందుకంటే అక్కడ ఇరుక్కున్న బోర్డు మట్టం చూడదు. ఇవన్నీ తప్పినా కాపాడటానికి ట్యాంకులో నీళ్లు నిండితే కరెంటు తెంచే ఒక ఫ్లోట్ స్విచ్, కాంటాక్టర్ కాయిల్ తీగకి సిరీస్‌లో. నీటిమీద తేలే ఆ బుడ్డికి ఇంటర్నెట్ సంగతే తెలియదు.

అల్లుడుగారు బస్సెక్కిన నాలుగో రోజు పక్కింటావిడ గోడ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగింది.

"ఏవండీ వదినగారూ, మీ మోటారు గానీ కాలిపోయిందా? నాలుగు రోజులై ఒక్కసారైనా పొర్లలేదు!"