కాన్సస్‌లో పన్ను తగ్గలేదు, చేతులు మారింది

అమెరికాలో ఎన్నికల కాలం వచ్చిందంటే అక్కడి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరగడం మొదలవుతుంది. మాటలు మారుతుంటాయి, సారం మాత్రం ఒక్కటే. పన్నులు తగ్గిస్తే వ్యాపారాలు పెరిగి ఖజానాకు ఇంకా ఎక్కువ సొమ్ము వస్తుంది. ప్రభుత్వ ఖర్చంతా దుబారా. రాష్ట్రాలను దివాలా తీయిస్తున్నవి ఉద్యోగ సంఘాలు, వాటి పెన్షన్లు. సంఘాల పీడ లేని చోటికే ఉద్యోగాలు వస్తాయి. చివర్లో కొందరు "మన దేశంలోనూ ఇదే చేయాలి" అని ఒక వాక్యం తగిలిస్తారు. దాన్ని అందుకున్నవాళ్లు ఓ చప్పట్ల బొమ్మ పెట్టి మరో గ్రూపుకు పంపుతారు.

ఈ మాటలను చట్టంగా రాసుకుని, అయిదేళ్లు అమలు చేసి చూసిన రాష్ట్రం ఒకటుంది. అది కాన్సస్. ఓవర్‌ల్యాండ్ పార్క్, ఒలేతే ఊళ్లలో తెలుగు కుటుంబాలు తక్కువేమీ లేవు కాబట్టి మనకు మరీ కొత్త చోటు కూడా కాదు. ఒక్కో మాటకూ జవాబు అక్కడినుంచే చెబుతాను.

"పన్ను తగ్గిస్తే ఆదాయం పెరుగుతుంది"

2012 మే నెలలో రిపబ్లికన్ గవర్నర్ శామ్ బ్రౌన్‌బ్యాక్ సంతకం చేసిన చట్టం ఆదాయపు పన్ను గరిష్ఠ రేటును 6.45 శాతం నుంచి 4.9 శాతానికి దించింది. అంతవరకే అయితే ఈ కథ ఇంత దూరం వచ్చేది కాదు. ఎల్‌ఎల్‌సీలు (యజమాని బాధ్యత పరిమితంగా ఉండే కంపెనీలు), భాగస్వామ్య సంస్థలు, సొంత వ్యాపారాల లాభం యజమాని వ్యక్తిగత ఆదాయం కింద లెక్కకు వస్తుంది. ఆ లాభం మీద రాష్ట్ర పన్నును పూర్తిగా ఎత్తేశారు. అంటే నెల జీతం తీసుకునే నర్సు పన్ను కట్టాలి, అదే ఆసుపత్రికి తన ఎల్‌ఎల్‌సీ పేరుతో బిల్లు పంపేవాడు కట్టనక్కర్లేదు. పన్ను రేటు తగ్గితే వసూళ్లు పెరగవచ్చన్న వాదనకు ఎవరి పేరు పెట్టారో ఆ ఆర్థర్ లాఫర్‌నే 75,000 డాలర్లు ఇచ్చి సలహాదారుగా తెచ్చుకున్నారు. రాష్ట్ర ఆర్థిక వ్యవస్థ గుండెకు ఇది అడ్రినలిన్ ఇంజెక్షన్ లాంటిదని గవర్నర్ రాశారు. ఇది ప్రత్యక్ష ప్రయోగమని కూడా ఆయనే అన్నారు. కాబట్టి ఫలితం అడిగే హక్కు మనకుంది.

ఫలితం ఇది. 2013 జూన్‌తో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో వ్యక్తిగత ఆదాయపు పన్ను కింద దాదాపు 290 కోట్ల డాలర్లు వచ్చాయి. మరుసటి ఏడాది వచ్చింది సుమారు 220 కోట్లు. మామూలు ఖర్చులకు వాడే సాధారణ నిధి మొత్తం 600 కోట్ల డాలర్ల చుట్టూ ఉండే రాష్ట్రానికి ఒక్క ఏడాదిలో 70 కోట్లు తగ్గడం చిన్న విషయం కాదు. 2014లోనే మూడీస్, స్టాండర్డ్ అండ్ పూర్స్ రెండూ రాష్ట్ర పరపతి రేటింగ్‌ను తగ్గించాయి.

"చమురు ధర పడిపోయింది, అందుకే అలా జరిగింది" అని దీనికి ఒక సమర్థన ఉంది. తేదీలు చూడండి. వసూళ్లు కూలిన ఆర్థిక సంవత్సరం 2014 జూన్‌లో ముగిసింది. ఆ నెలలో చమురు బ్యారెల్ ధర 100 డాలర్లు పైనే ఉంది, పతనం ఆ తర్వాతే మొదలైంది. వ్యవసాయం దెబ్బతిన్నదనీ అంటారు. పొరుగున ఉన్న నెబ్రాస్కా కూడా మొక్కజొన్న, పశువుల మీద బతికే రాష్ట్రమే. ఆ అయిదేళ్లలో ఉద్యోగాల వృద్ధిలో కాన్సస్ నెబ్రాస్కా కంటే వెనకబడింది, మిస్సోరీ, కొలరాడోల కంటే కూడా వెనకబడింది.

మరి ఆ మినహాయింపు కొత్త వ్యాపారాలను పుట్టించిందా? కాగితం మీద పుట్టించింది. లక్షా 91 వేల వ్యాపారాలకు మేలు జరుగుతుందని ముందు లెక్క వేశారు. తీరా చూస్తే 3 లక్షల 30 వేలకు పైగా తేలాయి. పన్ను రిటర్నులను తర్వాత పరిశీలించిన ఆర్థికవేత్తలు కొత్త పెట్టుబడి పెద్దగా లేదని, ఉన్న ఆదాయానికే పేరు మార్చడం ఎక్కువగా జరిగిందని తేల్చారు. అందరికీ తెలిసిన ఉదాహరణ కాన్సస్ విశ్వవిద్యాలయ బాస్కెట్‌బాల్ కోచ్ బిల్ సెల్ఫ్. విశ్వవిద్యాలయం ఆయనకు జీతంగా ఇచ్చేది 2,30,000 డాలర్లు. అంతకు పది రెట్లకు పైగా మొత్తం ఆయన ఎల్‌ఎల్‌సీకి వెళ్లేదని 2016లో స్థానిక రేడియో కేసీయూఆర్ బయటపెట్టింది. ఆయన చట్టాన్ని అతిక్రమించలేదు, చట్టమే అలా ఉంది. జీతానికి బదులు తమ కంపెనీ పేరుతో బిల్లు పంపే కార్ప్ టు కార్ప్ పద్ధతిలో పనిచేసిన మన కన్సల్టెంట్లకు ఈ కిటుకు విడమరిచి చెప్పనక్కర్లేదు. పన్నులు తగ్గాలని నిత్యం వాదించే టాక్స్ ఫౌండేషన్ సైతం ఈ మినహాయింపును తప్పుపట్టింది.

ఖజానాలో పడిన చిల్లును దేనితో పూడ్చారన్నది ఇంకా ముఖ్యం. 2015లో అమ్మకపు పన్నును 6.15 శాతం నుంచి 6.5 శాతానికి పెంచారు. కాన్సస్‌లో అప్పుడు తిండి సరుకుల మీద కూడా అదే రేటు. కాన్సస్ సిటీ మహానగరాన్ని రెండు రాష్ట్రాలుగా చీల్చే స్టేట్ లైన్ రోడ్ దాటి మిస్సోరీ వైపు వెళ్తే తిండి సరుకుల మీద రాష్ట్ర పన్ను 1.225 శాతమే. స్థానిక పన్నులు రెండు వైపులా వేరుగా ఉంటాయి, వాటిని పక్కన పెడదాం. బియ్యం మూట, కందిపప్పు, పాలు, కూరగాయలు కలిపి 200 డాలర్ల సరుకు కొంటే అప్పట్లో కాన్సస్ వైపు రాష్ట్రానికి 13 డాలర్లు, మిస్సోరీ వైపు 2 డాలర్ల 45 సెంట్లు. పేద కుటుంబాలకు ఈ పన్నును కొంత తిరిగి ఇచ్చే పాత పథకాన్ని 2012 చట్టమే తీసేసింది. ఏడాది తర్వాత మళ్లీ తెచ్చారు కానీ, ఆదాయపు పన్ను బాకీ లేనంత పేదవాళ్లకు అది అందకుండా రాశారు. కోచ్ గారి ఎల్‌ఎల్‌సీ కట్టని సొమ్ములో కొంత కూరగాయల సంచి కట్టింది. దీన్ని "పన్ను తగ్గింపు" అని పిలవడానికి నాకు నోరు రాదు.

"ఖర్చు తగ్గించలేదు, అందుకే విఫలమైంది"

ఇది ఉన్నవాటిలో గట్టి వాదన. నిజాయితీగల సంప్రదాయవాదులు ఈ మాటే చెబుతారు. పన్ను తగ్గింపు తప్పు కాదు, దానికి తగ్గట్టు ప్రభుత్వాన్ని కుదించకపోవడమే తప్పు అంటారు. ఉత్తర కెరొలైనాను చూపిస్తారు. అక్కడ 2013లో రేట్లు తగ్గించినప్పుడు అమ్మకపు పన్ను పరిధిని పెంచారు, మినహాయింపులు తీసేశారు, వసూళ్లు ఫలానా స్థాయికి చేరితేనే తర్వాతి తగ్గింపు అని షరతు పెట్టారు. ఖజానా కూలలేదు. ఒప్పుకోవలసిన మాటే. కానీ మన వాట్సాప్ సందేశం చెబుతున్నది అది కాదు. పన్ను తగ్గింపు తన ఖర్చు తానే రాబట్టుకుంటుందని అది చెబుతోంది. ఉత్తర కెరొలైనా అలా నమ్మలేదు కాబట్టే నిలబడింది.

ఇక కాన్సస్ ఖర్చు తగ్గించలేదనడం కూడా సరికాదు. ఆ రాష్ట్ర సాధారణ నిధిలో సగం బడులకే పోతుంది. మిగిలినదాంట్లో పెద్ద భాగం పేదల వైద్యం, విశ్వవిద్యాలయాలు. కత్తెర వాటి మీదే పడుతుంది, పడింది. 2015 వసంతంలో కాంకార్డియా, ట్విన్ వ్యాలీ విద్యా జిల్లాలు డబ్బు చాలక బడులను గడువుకు ముందే మూసేశాయి. 2016 ఏప్రిల్‌లో 25 రోడ్డు పనులను వాయిదా వేశారు, ఎందుకంటే రహదారుల నిధిని ఏటా సాధారణ ఖర్చులకు మళ్లిస్తూ వచ్చారు. అదే ఏడాది మే నెలలో విశ్వవిద్యాలయాలకు, పేదల వైద్య పథకమైన మెడికెయిడ్ కింద వైద్యులకు, ఆసుపత్రులకు ఇచ్చే మొత్తాల్లో 4 శాతం కోత పెట్టారు. 2017 మార్చిలో రాష్ట్ర సుప్రీంకోర్టు బడులకు ఇస్తున్న నిధులు రాజ్యాంగం కోరిన స్థాయిలో లేవని తీర్పు చెప్పింది.

"దుబారా" అనే మాట వాడేవాళ్లను ఒక్కటే అడుగుతాను. ఓవర్‌ల్యాండ్ పార్క్, ఒలేతే ఉన్న జాన్సన్ కౌంటీలో ఇల్లు వెతికే తెలుగు తల్లిదండ్రులు మొదట చూసేది ఏ బడి పరిధిలోకి వస్తుందన్నదే కదా? ఆ బడి జీతాల పట్టిక ప్రభుత్వ ఖర్చు కాక మరేమిటి?

"సంఘాలు, పెన్షన్లే దివాలాకు కారణం"

కాన్సస్‌లో బలమైన సంఘాలున్నాయని చెప్పడం కష్టం. సంఘానికి చందా కట్టాలనే నిబంధన ఏ ఉద్యోగికీ పెట్టకూడదని ఆ రాష్ట్ర రాజ్యాంగం 1958 నుంచీ చెబుతోంది. 2013లో ప్రభుత్వ ఉద్యోగుల జీతంలోంచి సంఘాల రాజకీయ చందా కోసుకోవడాన్ని నిషేధించారు. 2014లో ఉపాధ్యాయులను తొలగించే ముందు విచారణ జరపాలన్న రక్షణను రాష్ట్ర చట్టం నుంచి తీసేశారు. సందేశం కోరినవన్నీ జరిగాయి. అయినా పెన్షన్ నిధి లోటులోనే ఉంది.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. ఉద్యోగి వాటా, జీతంలో 6 శాతం, తప్పకుండా కోత పడుతుంది. తప్పించుకున్నది యజమాని, అంటే రాష్ట్రం. ఏటా ఎంత పెంచవచ్చో చట్టంలోనే పరిమితి రాసుకుని, కట్టవలసినదానికంటే తక్కువ కడుతూ వచ్చారు. 2015లో పెన్షన్ నిధిలో వేయడానికి 100 కోట్ల డాలర్ల బాండ్లు జారీ చేశారు. ఆ మరుసటి ఏడాదే దాదాపు 10 కోట్ల డాలర్ల వాయిదాను ఎగ్గొట్టి బడ్జెట్ సరిచేసుకున్నారు. అప్పు చేసి పప్పుకూడు తిన్నది ఉద్యోగులు కాదు. వాళ్లకు రావలసినదాన్ని అప్పుగా వాడుకున్నది ప్రభుత్వం.

పెన్షన్ అప్పుల్లో మునిగిన ఇల్లినాయిస్ సంగతి ఏమిటని ఎవరైనా అడుగుతారు, అడగాలి కూడా. అక్కడ పాత ఉద్యోగుల పెన్షన్ ఏటా 3 శాతం చక్రవడ్డీ లెక్కన పెరుగుతుంది, 1970 రాజ్యాంగం దాన్ని తగ్గించనివ్వదు. ఆ హామీ ఖరీదైనదే, దాన్ని కాపాడుకోవడానికి సంఘాలు గట్టిగా పోరాడిన మాటా నిజమే. అయితే రాష్ట్రం తన వాటాను భావి ప్రభుత్వాల నెత్తికి నెట్టే 1994 పథకం, 2006, 2007 సంవత్సరాల్లో వాటా తగ్గించుకోవడానికి ఇచ్చుకున్న వెసులుబాటు లేకపోతే అప్పు కొండ అంత ఎత్తుకు పెరిగేది కాదు. తప్పు ఇద్దరిదీ ఉన్నచోట సందేశం ఒక్కరి పేరే రాస్తుంది.

"సంఘాలు లేని చోటికే ఉద్యోగాలు వస్తాయి"

దీనికి స్టేట్ లైన్ రోడ్‌కు మించిన సాక్ష్యం దొరకదు. సంఘానికి చందా కట్టమని ఎవరినీ నిర్బంధించకూడదనే రైట్ టు వర్క్ చట్టం కాన్సస్‌లో ఉంది, మిస్సోరీలో లేదు. సందేశం లెక్కన ఉద్యోగాలన్నీ పడమట ఉన్న కాన్సస్‌కు తరలిపోవాలి. నిజంగా జరిగింది ఏమిటంటే, రెండు రాష్ట్రాలూ రాయితీలు గుమ్మరించి ఒకరి కంపెనీలను మరొకరు లాక్కున్నారు. ఏఎంసీ థియేటర్స్ ప్రధాన కార్యాలయం కాన్సస్ వైపు లీవుడ్‌కు వచ్చింది. రెస్టారెంట్ల సంస్థ ఆపిల్‌బీస్ ప్రధాన కార్యాలయం మిస్సోరీ వైపు వెళ్లింది. అదే మహానగరం, చాలావరకు అదే సిబ్బంది, కారు తిప్పే వైపు మాత్రమే మారింది. 2019లో రెండు రాష్ట్రాలూ విసిగి సంధి చేసుకున్నాయి. స్వేచ్ఛా విపణిని పొగిడే సందేశం ఈ రాయితీల ఊసెత్తదు, ఎత్తితే అదీ ప్రభుత్వ ఖర్చే అవుతుంది.

సంఘంలో బలవంతంగా చేర్పిస్తారన్న మాట కూడా పాతబడిపోయింది. సభ్యత్వం ఉంటేనే ఉద్యోగంలోకి తీసుకోవాలన్న షరతును 1947లోనే దేశవ్యాప్తంగా నిషేధించారు. ఇప్పటి వివాదం వేరు. సంఘం బేరమాడి తెచ్చిన జీతం తీసుకునేవాడు ఆ బేరానికి అయిన ఖర్చులో వాటా ఇవ్వాలా వద్దా అన్నది. మిస్సోరీ ప్రభుత్వం 2017లో ఇవ్వక్కర్లేదని చట్టం చేసింది. సంఘాలు మూడు లక్షలకు పైగా సంతకాలు సేకరించి దాన్ని ప్రజల ముందు పెట్టాయి. 2018 ఆగస్టులో ఓటర్లు మూడింట రెండు వంతుల మెజారిటీతో ఆ చట్టాన్ని కొట్టేశారు. 2016లో ట్రంప్‌ను భారీ తేడాతో గెలిపించిన రాష్ట్రం అది.

ఉపాధ్యాయుల రక్షణలు తీసేసిన కాన్సస్‌కు మాత్రం కొత్త చిక్కు వచ్చింది. మిస్సోరీలోని ఇండిపెండెన్స్ విద్యా జిల్లా వాళ్లు కాన్సస్ పట్టణాల్లో హోర్డింగులు పెట్టి టీచర్లను పిలుచుకున్నారు.

ప్రయోగాన్ని ముగించింది డెమొక్రాట్లు అనుకుంటే పొరపాటు. 2017 జూన్‌లో రిపబ్లికన్ల ఆధిక్యంలో ఉన్న ఉభయ సభలూ తమ గవర్నర్ వీటోను తోసిపుచ్చి ఎల్‌ఎల్‌సీ మినహాయింపును రద్దు చేశాయి, రేట్లు పెంచాయి. దిగువ సభలో 88కి 31, సెనేట్‌లో 27కి 13. ఓటేసినవాళ్లలో చాలామంది తమ ఊరి బడి, తమ ఊరి రోడ్డు చూసి వచ్చిన సంప్రదాయవాదులే.

"మన దేశంలోనూ ఇదే చేయాలి"

చేశారు. 2019 సెప్టెంబరులో కంపెనీల పన్నును 30 శాతం నుంచి 22 శాతానికి, కొత్త తయారీ సంస్థలకు 15 శాతానికి దించారు. ఏడాదికి 1.45 లక్షల కోట్ల రూపాయల ఆదాయం వదులుకుంటున్నామని ప్రభుత్వమే చెప్పింది. వసూళ్లు తర్వాత కోలుకున్నాయి, అందులో కరోనా తర్వాతి లాభాల పాత్ర కూడా ఉంది, కాబట్టి దీన్ని కాన్సస్‌తో అచ్చంగా పోల్చను. కానీ ఒకప్పుడు కంపెనీలు కట్టే పన్నే ఎక్కువగా ఉండేది. 2023-24కి వచ్చేసరికి వ్యక్తులు కట్టిన ఆదాయపు పన్ను 10 లక్షల కోట్లు దాటింది, కంపెనీలు కట్టింది సుమారు 9 లక్షల 11 వేల కోట్లు. ఆ సందేశాన్ని ముందుకు పంపే మిత్రుల్లో చాలామంది నెల జీతాలవాళ్లే. వచ్చేసారి ఆ చివరి వాక్యం పక్కన ఈ రెండు అంకెలూ చేర్చి పంపమని నా మనవి.