‘గ్రీన్’ ఉత్ప్రేరకమే, సరే... లోహం ఎక్కడికి పోయింది?

మా చిన్నాన్న కొడుకు సూళ్ళూరుపేట నుంచి రోజూ లోకల్ ట్రైన్‌లో చెన్నై వచ్చి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాడు. ఆ మధ్య ఒక సాయంత్రం రైల్లోంచే ఫోన్ చేశాడు. ప్రాజెక్టు టాపిక్ ఖాయమైందట. సిలికా పొడి మీద ఎక్కించిన కాపర్ షిఫ్ బేస్ కాంప్లెక్స్ (రాగిని మధ్యలో పట్టుకున్న సేంద్రియ అణువు), దాని సాయంతో హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడి ఆల్కహాల్‌ను ఆక్సీకరణ చేయడం. "గ్రీన్ క్యాటలిస్ట్ అన్నా, ఐదుసార్లు వాడినా యీల్డ్ తగ్గట్లేదు" అన్నాడు. ‘గ్రీన్’ అంటే పర్యావరణానికి మేలైనదని, క్యాటలిస్ట్ అంటే చర్యను వేగం చేసి తాను మిగిలిపోయే ఉత్ప్రేరకం, యీల్డ్ అంటే చివరికి చేతికొచ్చే సరుకు శాతం. సంతోషం. "మరి కాపర్ ఎక్కడుంది?" అన్నాను. "సిలికా మీదే ఉంటది గదా." "చూశావా?" అన్నాను. కాసేపు రైలు చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

వాణ్ని ఇరుకున పెట్టాలని కాదు. పదిహేనేళ్ళ కిందట ఇదే చెన్నైలో నేనూ ఇదే పని చేశాను. శాలిసిలాల్డిహైడ్‌ను వేడి ఇథనాల్‌లో కలిపి, ఇథిలీన్‌డయమీన్ చుక్కలు చుక్కలుగా వేస్తే చూస్తుండగానే పసుపురంగు పలుకులు తేలతాయి. అదే సాలెన్ అనే లైగాండ్, అంటే లోహాన్ని పట్టుకునే అణువు. దానికి కాపర్ అసిటేట్ కలిపితే ముదురు ఆకుపచ్చ, నికెల్ అసిటేట్ కలిపితే ఇటుక రంగు. మొదటిసారి చూసినప్పుడు వంట కుదిరినంత ఆనందం వేసింది. మా థీసిస్ అట్ట మీదా ‘గ్రీన్’ అనే మాట ఉంది. రంగును బట్టి చూస్తే తప్ప ఆ మాటకు వేరే ఆధారమేమీ లేదు. ఆ గ్రాము పొడిని కడగడానికి, మళ్ళీ స్ఫటికాలు చేయడానికి వాడిన డైక్లోరోమీథేన్, డీఎంఎఫ్ లాంటి ద్రావణులు ఎన్ని సీసాలో ఎవరూ లెక్కపెట్టలేదు. వాషింగ్స్ అన్నీ సింక్‌లోకే పోయాయి.

లోహ సంక్లిష్టాల గొప్పతనం మీద నాకు అనుమానం లేదు. మధ్యలో లోహ అయాన్, దాని చుట్టూ పట్టుకుని ఉండే అణువులు అన్న బొమ్మను ఆల్ఫ్రెడ్ వెర్నర్ 1893లోనే గీశాడు, 1913లో నోబెల్ అందుకున్నాడు. లోహం రెండు అణువులను పక్కపక్కన కూర్చోబెడుతుంది, లైగాండ్ ఏది ఏ వైపు నుంచి రావాలో అడ్డుపడి నిర్ణయిస్తుంది. పని అయ్యాక లోహం మళ్ళీ మొదటికొచ్చి ఇంకో జంటను పట్టుకుంటుంది. పార్కిన్సన్స్‌కు ఇచ్చే ఎల్-డోపాను, అద్దంలో బొమ్మల్లాంటి రెండు రూపాల మధ్య కుడి ఎడమల తేడా తెలిసి తయారుచేసింది రోడియం సంక్లిష్టమే. ఆ పనికి విలియం నోల్స్ 2001 నోబెల్‌లో వాటా పొందాడు. 2010లో పల్లాడియంతో కార్బన్‌ను కార్బన్‌కు కలిపే పద్ధతులకు నోబెల్ వచ్చింది. ఈ రోజు మనం మింగే మాత్రల్లో ఎన్నో వాటి చలవే.

ఇక ‘గ్రీన్’ సంగతి. 1998లో పాల్ అనస్టాస్, జాన్ వార్నర్ అనే రసాయన శాస్త్రవేత్తలు రాసిన గ్రీన్ కెమిస్ట్రీ పన్నెండు సూత్రాల్లో తొమ్మిదోది ఉత్ప్రేరకాల గురించి. తూకం వేసి కలిపి పారేసే రసాయనాల కంటే, కొంచెం వేస్తే చాలాసార్లు పనిచేసే ఉత్ప్రేరకం మేలని దాని సారం. అంతకుముందే 1992లో రోజర్ షెల్డన్ ఒక మోటు లెక్క చూపించాడు. కిలో సరుకు తయారైతే ఎన్ని కిలోల చెత్త మిగిలింది? పెట్రోలియం శుద్ధిలో 0.1 కిలో కంటే తక్కువ. మందుల తయారీలో 25 నుంచి 100 కిలోలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అంటే పెట్రోలియం శుద్ధి కర్మాగారం ఉన్న మణలి వైపు వెళ్ళేటప్పుడు ముక్కు మూసుకునే మనం, కిలోకు కిలో లెక్కన చూస్తే, మూసుకోవాల్సింది వేరే చోట. మందుల వైపు చెత్తలో పెద్ద వాటా ద్రావణులదే. చిటికెడు ఉత్ప్రేరకం ఎంత ‘గ్రీన్’ అయినా దాని చుట్టూ బిందెల కొద్దీ ద్రావణి ఉంటే ఏం లాభం?

లెక్క సరిగ్గా వేసిన చోట ఫలితం ఎలా ఉంటుందో ఐబూప్రొఫెన్ చెబుతుంది. పాత పద్ధతిలో ఆరు అంచెలు. లోపలికి పోసిన పరమాణువుల్లో 40 శాతమే మందులోకి చేరేవి. 1990లలో వచ్చిన కొత్త పద్ధతిలో మూడే అంచెలు, 77 శాతం. అందులో వాడేవి హైడ్రోజన్ ఫ్లోరైడ్, రేనీ నికెల్, పల్లాడియం సంక్లిష్టం. హైడ్రోజన్ ఫ్లోరైడ్ పేరు చెబితేనే ల్యాబ్‌లో ఎవరికైనా చెమటలు పడతాయి. అయినా ఆ పద్ధతికి గ్రీన్ కెమిస్ట్రీ అవార్డు వచ్చింది. ఎందుకంటే ఆ ఫ్లోరైడ్‌ను బయటికి పోనివ్వరు, పట్టి మళ్ళీ వాడతారు.

నా ఫిర్యాదు ఈ లెక్క అడగని పరిశోధన మీద. ‘ఐదుసార్లు వాడాం, యీల్డ్ 95 నుంచి 93కే తగ్గింది’ అనే పట్టిక చూడని వారముండదు. అందులో చిన్న కిటుకు ఉంది. రెండు గంటల్లో అయిపోయే చర్యను పన్నెండు గంటలు నడిపితే, ఉత్ప్రేరకం సగం చచ్చినా యీల్డ్ అంతే కనిపిస్తుంది. చర్యను సగంలో ఆపి వేగం కొలిస్తే అసలు రంగు బయటపడుతుంది. రెండోది, ఘనపదార్థం మీద అతికించిన లోహం చాలాసార్లు ఊడి ద్రావణంలోకి వచ్చి అక్కడ పని కానిస్తుంది. వేడిగా ఉండగానే వడకట్టి, ఆ తేటలో చర్య ఇంకా సాగుతోందేమో చూడటం పాత పరీక్షే. చేసేవాళ్ళు తక్కువ.

ఈ విషయంలో పెద్దవాళ్ళే బోల్తాపడ్డారు. లోహమే లేకుండా సుజుకి చర్య (పల్లాడియంతో కార్బన్‌ను కార్బన్‌కు కలిపే ఆ పద్ధతుల్లో ఒకటి) జరిగిందని 2003లో ఒక బృందం ప్రకటించింది. రెండేళ్ళకు అదే బృందం, తాము వాడిన సోడియం కార్బొనేట్‌లో వంద కోట్ల వంతుల్లో 50 వంతుల పల్లాడియం ఉందని, పని చేసింది అదేనని తానే రాసింది. ఆ నిజాయితీకి నమస్కారం పెట్టాలి. అంత కొంచెం లోహం అంత పని చేస్తుందని తెలిశాక, కంటికి కనపడటం లేదు కాబట్టి లేదు అనే మాట చెల్లదు. అలాగే పల్లాడియం తీసేసి నికెల్ పెడితే గ్రీన్ అయిపోదు. నికెల్ చవకే, కానీ దాని సమ్మేళనాలు క్యాన్సర్ కారకాల జాబితాలో ఉన్నాయి. నాకు గ్రీన్ అనేది లోహం పేరులో లేదు, అది చివరికి చేరిన చోట ఉంది.

చెన్నైలో ఉంటూ దీనికి ఉదాహరణ కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. పెరియమేట్‌లో తోళ్ళ దుకాణాల మధ్య నిలబడితే చాలు. ఒకప్పుడు మద్రాసు నుంచి ఎగుమతైన తోలు తంగేడు చెక్కతో, కరక్కాయతో పదును (టానింగ్) చేసినది. వారాలు పట్టేది. తర్వాత క్రోమియం వచ్చి ఆ పనిని ఒకటి రెండు రోజులకు తెచ్చింది. క్రోమ్ పదును అంటే అచ్చంగా లోహ సంక్లిష్టం తయారుచేయడమే, కాకపోతే ఫ్లాస్కులో కాకుండా పచ్చి తోలు లోపల. త్రిసంయోజక క్రోమియం చర్మంలోని కొల్లాజెన్ ఆమ్ల సమూహాలను పట్టుకుని పోగును పోగుకు కుట్టేస్తుంది. పచ్చి చర్మం 65 డిగ్రీల దగ్గర ముడుచుకుపోతుంది, క్రోమ్ తోలు మరిగే నీళ్ళకూ తట్టుకుంటుంది. ఆ లేత నీలి రంగు వల్లే దాన్ని వెట్ బ్లూ అంటారు. అందమైన రసాయనం.

కానీ మామూలు పద్ధతిలో వేసిన క్రోమియంలో 60 నుంచి 70 శాతమే తోలులోకి పోతుంది. మిగతాది కాలవలోకి. వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట అన్నీ పాలారు పొడవునా ఉన్న ఊళ్ళు. కర్ణాటకలో పుట్టి మన కుప్పం మీదుగా అటు వెళ్ళే నది అది. క్రోమియంతో పాటు తోలు కుళ్ళకుండా పట్టించే ఉప్పు కూడా కలిసి అక్కడి నేలను, బావులను పాడుచేశాయి. 1996లో వెల్లూరు పౌరుల కేసులో సుప్రీంకోర్టు, పాడుచేసినవాడే మూల్యం కట్టాలన్నది ఈ దేశ చట్టంలో భాగమని చెప్పింది. ఇక రాణిపేటలో మూతపడిన ఒక క్రోమేట్ ఫ్యాక్టరీ వదిలేసిన వ్యర్థం రెండు లక్షల టన్నుల పైమాటే. అది వేరే కథ, అక్కడున్నది షట్సంయోజక క్రోమియం, అసలైన విషం. రెండింటినీ ఒకే గాటన కట్టడం శాస్త్రం కాదు, కానీ రెండు చోట్లా లెక్కలో రాయని క్రోమియమే.

అడయారులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ ఈ లెక్క పట్టుకున్న చోటు. తెనాలి దగ్గర యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ 1958 నుంచి 1971 దాకా దాని డైరెక్టర్. తోలు పనిని అంటరాని పనిగా చూసిన సమాజంలో దాన్ని ప్రయోగశాల గౌరవానికి తెచ్చిన మనిషి. మన పిల్లలకు ఆయన పేరు తెలియకపోవడం నాకు ఇప్పటికీ కొరుకుడు పడదు. వాడేసిన క్రోమ్ నీళ్ళలో మెగ్నీషియం ఆక్సైడ్ వేసి క్రోమియంను అడుక్కు దింపి, సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగించి మళ్ళీ తొట్టిలోకి పంపడం ఇప్పుడు టానరీలకు తెలిసిన పని. ఆ సంస్థే తర్వాత నీళ్ళు పోయకుండా క్రోమ్ పదును చేసే పద్ధతి తెచ్చింది. దాంతో ముందూ వెనకా రెండు అంచెలు తగ్గి, 15–20 శాతం క్రోమియం ఆదా అవుతుంది. కొత్త లైగాండ్ లేదు, నోబెల్ రాదు. నా దృష్టిలో చెన్నైలో జరిగిన గ్రీన్ కెమిస్ట్రీ ఇదే.

నేను పనిచేసే మందుల ల్యాబ్‌లో ఈ ప్రశ్న అడగక తప్పదు. నోటి ద్వారా తీసుకునే మందుతో రోజుకు 100 మైక్రోగ్రాములకు మించి పల్లాడియం ఒంట్లోకి పోకూడదని అంతర్జాతీయ నిబంధన. దాటితే బ్యాచ్ ఆగుతుంది, అందరికీ టెన్షన్. అందుకే ప్రతి గ్రాము లోహానికీ లెక్క ఉంటుంది. సిటాగ్లిప్టిన్ అనే షుగరు మందు విషయంలో ఏకంగా రోడియంను పక్కనపెట్టి ఎంజైమ్‌ను తెచ్చుకున్నారు. పరిశోధన వైపూ మనవాళ్ళు మంచి పని చేయలేదని కాదు. హైదరాబాద్‌లోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో బోయపాటి చౌదరి, లక్ష్మీకాంతం బృందం 2002లో పొరలు పొరల హైడ్రాక్సైడ్ మీద పల్లాడియం నిలబెట్టి, మొండి క్లోరో సమ్మేళనాలను కూడా కలిపి చూపించింది. తేడా అల్లా, కాలేజీ ల్యాబ్‌లో బ్యాచ్ ఆపేవాళ్ళు ఎవరూ లేరు.

లోహాన్ని అతి కొద్ది మోతాదులో కూడా కొలిచే ఐసీపీ యంత్రం లేదు, శాంపిల్ బయటికి పంపితే డబ్బు అంటారు. నిజమే. కానీ రాగిని గుర్తుపట్టే తేలిక పరీక్ష ఒకటి ఉంది. అదే మావాడికి చెప్పాను. చర్య అయ్యాక వడకట్టిన తేటను పారేయకు, ఆరబెట్టు, కాస్త పలచటి ఆమ్లంలో కరిగించి అమ్మోనియా వెయ్యి, రాగి ఉంటే నీలం రంగు వస్తుంది అన్నాను. "మా సార్ ఏమంటాడో" అని గొణిగాడు.

పది రోజుల తర్వాత ఫొటో పంపాడు. స్టాండులో ఐదు టెస్ట్‌ట్యూబులు, ఉత్ప్రేరకాన్ని వాడిన ఐదుసార్లూ వడకట్టిన తేటలు. మొదటిది బాగా నీలం, రెండోది కొంచెం తక్కువ, ఐదోది దాదాపు నీళ్ళలా ఉంది. కింద ఒక వాయిస్ మెసేజ్.

"అన్నా, సార్‌కి చూపించేదా వద్దా?"