మహారాజశ్రీ బీన్ బ్యాగ్ గారికి

మహారాజశ్రీ నారింజ రంగు బీన్ బ్యాగ్ గారి సముఖమునకు, సూళ్ళూరుపేట నుంచి చెన్నైకి వచ్చిపోయే ఒక పార్ట్‌టైమ్ రీసెర్చ్ స్కాలర్ నమస్కరించి రాసుకునేది.

ఇక్కడ మేమంతా క్షేమం, ఒక్క నా నడుము తప్ప. మీరు కూడా రీడింగ్ హాల్లో కిటికీ పక్కన, ఏసీ గాలి నేరుగా తగిలే చోట, క్షేమంగా ఉన్నారని తెలుసు. నిన్ననే చూశాను. మీ ఒళ్ళో ఎవరిదో హెల్మెట్ కూర్చుని ఉంది. చాలా సుఖంగా కనిపించింది. లోపల తలకాయ లేనివాళ్ళకు మీరు బాగా సరిపోతారు.

మన పరిచయం మీకు గుర్తుండకపోవచ్చు. పోయిన ఎండాకాలం లైబ్రరీని మూడు నెలలు మూసేశారు. ఆధునికీకరణ అన్నారు. తెరిచిన రోజు పొద్దున్నే నా బల్ల దగ్గరికి వెళ్ళాను. నా బల్ల అంటే సొంతం కాదు లెండి, ఆరేళ్ళుగా కూర్చోబట్టి వచ్చిన చనువు. పాత టేకు బల్ల. ఒక కాలు పొట్టి, దాని కింద నాలుగు మడతలు పెట్టిన అట్టముక్క. కుడి అంచున ఎవరో కాంపస్ ముల్లుతో 1988 అని చెక్కారు. పొట్టి చేతుల చొక్కా వేసుకుంటే మోచెయ్యి సరిగ్గా ఆ రెండు ఎనిమిదుల మీద ఆనేది. ఆ బల్ల లేదు. ఆ చోట మీరున్నారు. ఒక్కరే వచ్చి ఉంటే చుట్టం కదా అని సర్దుకునేవాణ్ణి. మీరు సకుటుంబంగా దిగారు. 6 బల్లలు, 24 కుర్చీలు పోయి 8 బీన్ బ్యాగులు. ఇదేం లెక్కయ్యా అని కౌంటర్లో అడిగితే "ఓపెన్ స్పేస్ సార్" అన్నాడు కుర్రాడు.

సరే, కొత్త అల్లుడికి చేసే మర్యాద కొత్త సామానుకీ చెయ్యాలి కదా అని కూర్చున్నాను. కూర్చోవడం అన్న మాట మీ దగ్గర చెల్లదు. కుర్చీలో కూర్చుంటాం, మీలో పడతాం. నేను పడగానే మీరు బుస్సుమని ఒక నిట్టూర్పు విడిచారు. హాలంతా తలెత్తి నన్నే చూసింది. ఆ చప్పుడు మీదేనని రుజువు చెయ్యడానికి ఇంకోసారి గట్టిగా కదిలాను. రెండోసారి మీరు నోరు విప్పలేదు.

తరవాత మోకాళ్ళు గడ్డం దగ్గరికి వచ్చాయి. ఆ భంగిమలో బ్రౌన్ నిఘంటువు తెరిచాను. 1852లో ఈ ఊళ్ళోనే అచ్చయిన పుస్తకం. నా చేతిలో ఉన్నది తరవాతి ముద్రణే అయినా బరువేం తగ్గలేదు. బల్ల మీద పెట్టుకుని తిప్పాల్సిన పుస్తకం అది, పొట్ట మీద పెట్టుకుని కాదు. నాకు కావలసింది ఒకే ఒక్క మాట, కలుజు. చెరువు నిండాక ఎక్కువైన నీళ్ళు పొర్లిపోవడానికి కట్టేది. మా నెల్లూరు వైపు కలుజు, కొన్నిచోట్ల అలుగు, తెలంగాణలో మత్తడి, ఇక్కడి తమిళులకు కలింగు. నా థీసిస్ అంతా ఇలాంటి చెరువు మాటల మీదే. కైఫీయతుల్లోంచి, అంటే ఊరూరి చరిత్ర రాసిపెట్టిన పాత రికార్డుల్లోంచి, ఏరుకుంటున్నాను.

ఒక చేత్తో బ్రౌన్ని పట్టుకోవాలి, రెండో చేత్తో రాసుకోవాలి, నోట్‌బుక్ పెట్టుకోవడానికి చోటు లేదు. పెన్సిల్ జారి మీ మడతల్లో పడింది. వెతుకుదామని చెయ్యి పెడితే మోచేతి దాకా లోపలికి వెళ్ళింది. పెన్సిల్ దొరకలేదు, ఎవరిదో ఇయర్‌ఫోన్ దొరికింది. మీ జిప్పు పక్కన కుట్టు కాస్త వీడి ఉంది. అందులోంచి తెల్లటి థర్మోకోల్ పూసలు, ఆవగింజంతవి, బయటికొచ్చి చొక్కాకి అంటుకున్నాయి. చొక్కా దులిపితే అరచేతికి అంటుకుంటాయి. అరచెయ్యి దులిపితే పేజీకి అంటుకుంటాయి. ఆ రోజు కలుజుని కలుంజు అని రాసుకున్నాను. ఇదేదో పాత రూపం, ఎవరూ పట్టించుకోలేదు, ఒక ఫుట్‌నోట్ దొరికిందని ఇంటికెళ్ళేదాకా పొంగిపోయాను. తరవాత వచ్చినప్పుడు మళ్ళీ చూస్తే సున్నా లేదు. నేను సున్నా అనుకున్నది మీ పూస.

ఈ కైఫీయతుల్ని 200 ఏళ్ళ కిందట కుంపిణీ సర్వేయరు మెకంజీ దొర కోసం రాయించినవాళ్ళలో మన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య అన్నదమ్ములు ఉన్నారు. ఊరూరా తిరిగారు. వాళ్ళకి ఏసీ హాలు ఎవరిచ్చారు? ఏ కరణం గారి అరుగు మీదో కూర్చుని ఉంటారు. అరుగులో ఉన్న సుఖమేమిటంటే అది లోపలికి పోదు.

పంతులుగారి సంగతి కూడా చెప్పాలి. రిటైరైన తెలుగు మాస్టారు, డెబ్బై దాటాయి, పెరంబూరు నుంచి వస్తారు, పంచెకట్టు. మీ గురించి ఆయనకు ఎవరూ చెప్పలేదు. పేపరు పట్టుకుని వచ్చి మీలో దిగారు. ఓ పది నిమిషాలయ్యాక సన్నగా గొంతు వినిపించింది. "బాబూ, కాస్త ఇటొస్తావా?" వెళ్ళాను. పేపరు పైకి కనిపిస్తోంది గానీ మనిషి అడుగున ఉన్నారు. నేనొక చెయ్యి, సెక్యూరిటీ అతను ఒక చెయ్యి పట్టుకుని లాగాం. ఆయన వచ్చారు గానీ పంచె రానంది. ఎలాగో ఒడ్డునపడ్డాక కుచ్చిళ్ళు సర్దుకుని, మీ వంక ఒకసారి చూసి "ఇది కుర్చీ కాదు నాయనా, దిగుడుబావి. మెట్లు కట్టించడం మర్చిపోయారు" అన్నారు. మర్నాటి నుంచి ఆయన పేపరు నిలబడే చదువుతున్నారు.

లాగుతున్నప్పుడు నా కళ్ళు మీ వెనక గోడ మీద పడ్డాయి. అక్కడ రంగనాథన్ గారి ఐదు గ్రంథాలయ సూత్రాలు బంగారు రంగు స్టిక్కర్లతో ఇంగ్లీషులో అతికించారు. ఎస్.ఆర్. రంగనాథన్ ఈ ఊరికి కొత్తవాడు కాదు. ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కలు చెప్పుకుంటున్న మనిషి, 1924లో మద్రాసు యూనివర్సిటీకి మొదటి లైబ్రేరియన్ అయ్యాడు. ఆ ఐదు సూత్రాలు 1931లో వచ్చాయి. నాలుగో సూత్రం "సేవ్ ది టైమ్ ఆఫ్ ది రీడర్". పాఠకుడి కాలాన్ని ఆదా చెయ్యమని. మన గోడ మీద మధ్యలో మాటలు ఊడిపోయి "సేవ్ ది రీడర్" మాత్రం మిగిలింది. పంతులుగారి చెయ్యి పట్టుకుని ఉన్నాను కాబట్టి, ఆ సూత్రాన్ని తు.చ. తప్పకుండా పాటించినవాణ్ణి నేనొక్కణ్ణే.

మొదటి సూత్రం పుస్తకాలున్నది వాడుకోవడానికి అంటుంది. దాని కింద వెనకటికి నిజం రాక్ ఉండేది. ఇప్పుడు రాక్ బొమ్మ ఉన్న వాల్‌పేపర్ అంటించారు. తోలు అట్టలు, బంగారు అక్షరాలు, దుమ్ముతో సహా దించేశాడు మహానుభావుడు. కళ్ళజోడు తీసి ఉన్నప్పుడు ఒక పుస్తకం లాగబోయి గోడ గీకాను. గోరు విరిగింది. అసలు పుస్తకాలు బేస్‌మెంట్‌లో ఉన్నాయట. స్లిప్పు రాసిస్తే మర్నాడు తెచ్చిపెడతారు. మర్నాడు నేను సూళ్ళూరుపేటలో ఇంటర్ పిల్లలకి సంధులు చెబుతూ ఉంటాను.

మీ వంశం తక్కువదని నేననడం లేదు. 1968లో ఇటలీలోని ట్యూరిన్‌లో గాట్టీ, పావొలీనీ, తెయొదోరో అనే ముగ్గురు మీ మూలపురుషుణ్ణి తయారుచేసి సాక్కో అని పేరు పెట్టారు. వాళ్ళ భాషలో సంచి అనే అర్థం. దాచలేదు పాపం. న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియంలో కూడా మీవాళ్ళకి చోటుంది. ఉండనివ్వండి, అక్కడ ఎవరూ మీలో దిగబడి నిఘంటువు తిరగెయ్యరు. మనిషి ఎటు ఒరిగితే అటు ఒరగడం మీకు పుట్టుకతో వచ్చిన విద్య. కమిటీ మీటింగులకి అది బాగా పనికొస్తుంది.

మీతోపాటు వచ్చిన మిగతా పరివారం గురించి ఎక్కువ రాయను. బల్లలు తీశారు గానీ, వాటికోసం నేలలో పెట్టిన ప్లగ్ పాయింట్లు అక్కడే ఉన్నాయి, మీ కిందే. లాప్‌టాప్ చార్జింగ్ పెట్టాలంటే ముందు మిమ్మల్ని పక్కకి ఈడ్చాలి. పైనుంచి వెదురుబుట్టల్లో పసుపు దీపాలు వేలాడదీశారు. పెళ్ళి రిసెప్షన్‌కి బాగుంటాయి. ఆ వెలుతురులో పేజీ మీద నా తల నీడే పడుతోంది, అదీ బట్టతల అని తెలిసేంత స్పష్టంగా. డిస్కషన్ రూమ్ అని ఒక గాజు గది ఉంది, దానికి తాళం. మంచినీళ్ళ మిషన్ మీద "పనిచేయడం లేదు" కాగితం. బాత్‌రూమ్ తలుపుకి గొళ్ళెం లేదు, లోపల ఉన్నవాళ్ళు దగ్గుతూ ఉండాలి. పైన అరుదైన పుస్తకాల గదికి ఒక్క సీలింగ్ ఫ్యాను. మీకు మాత్రం 18 డిగ్రీల ఏసీ. ఈ సముద్రపు తేమకి బూజు పట్టేది పుస్తకాలకండీ. థర్మోకోల్‌కి చెమట పట్టడం నేనెక్కడా వినలేదు.

చదువుకునేవాణ్ణి కూర్చోబెట్టడం ఈ ఊరికి చేతకాక కాదు. ఎగ్మూరులో 1896 నాటి కన్నెమరా లైబ్రరీ పాత భవనం చూడండి. ఆ టేకు అల్మారాలు, రంగుటద్దాలు చూస్తే అక్కడే చాప వేసుకుని ఉండిపోవాలనిపిస్తుంది. 2010లో కోటూరుపురంలో అన్నా సెంటినరీ లైబ్రరీ కట్టినప్పుడు, సొంత పుస్తకాలు తెచ్చుకుని చదువుకునేవాళ్ళకి కూడా వేరే చోటు ఇచ్చారు. మరుసటి ఏడే దాన్ని పిల్లల ఆసుపత్రిగా మారుస్తామని ప్రభుత్వం అంటే, జనం హైకోర్టుకెక్కి ఆపించారు. అంతటి ఊరు ఇది. ఒక్క బల్ల కోసం కోర్టుకెక్కే స్తోమత నాకు లేదు, అందుకే ఈ ఉత్తరం.

ప్రస్తుతం నా రీసెర్చ్ అంతా లోకల్ రైల్లోనే నడుస్తోంది. సీటు గట్టిది, రెండు గంటల పైచిలుకు ప్రయాణం, ఎవరూ ఓపెన్ స్పేస్ అనరు, ఉండదు కాబట్టి. దిగేది మూర్ మార్కెట్ కాంప్లెక్స్ స్టేషన్లో. పాత పుస్తకాలకి పేరుపడ్డ మూర్ మార్కెట్ 1985లో కాలిపోయాక, ఆ చోట ఈ స్టేషన్ వచ్చింది. పుస్తకాలు పోతే పోయాయి, వాటి బదులు వచ్చిన వాటిలో చదువుకోవడానికి వీలుంది. మీ విషయంలో అదీ జరగలేదు.

ఒక తప్పు నాదీ ఉంది, దాచను. పోయిన నెల ఒక గురువారం మధ్యాహ్నం, బాక్సులో తెచ్చుకున్న పెరుగన్నం, ఆవకాయ తిని వచ్చేసరికి మిగిలిన నాలుగు కుర్చీల్లో పరీక్షల పిల్లలు నిండిపోయి ఉన్నారు. గత్యంతరం లేక మీ దగ్గరికే వచ్చాను. బ్రౌన్ని గుండెల మీద పెట్టుకున్నట్టు గుర్తు. కళ్ళు తెరిచేసరికి నాలుగూ ముప్పావు. ఇంట్లో దూదిపరుపు మీద కూడా అంత నిద్ర ఎప్పుడూ పట్టలేదు. ఆ ఒక్క విషయంలో మీకు వంక పెట్టను.

పది రోజుల తరవాత కౌంటర్లో కొత్త బ్రోషర్ పెట్టారు. నున్నటి ఖరీదైన కాగితం. మూడో పేజీ నిండా మీరు, మీలో నేను. కళ్ళజోడు ఒక చెవికి వేలాడుతోంది, నోరు తెరిచి ఉంది, గుండెల మీద బ్రౌన్ నిఘంటువు బోర్లా పడుకుని ఉంది. కింద ఇంగ్లీషులో ఒక వాక్యం, 'అధ్యయనంలో లీనమైన పరిశోధకుడు' అన్న అర్థంలో. ఆ సాయంత్రమే మా గైడ్ గారు ఫోన్ చేశారు. "చాప్టర్ ఎంతవరకు వచ్చిందయ్యా?" రెండేళ్ళుగా ఆ మాట అడగని మనిషి.

నాదొక్కటే మనవి. బేస్‌మెంట్‌కి వెళ్ళే మెట్ల కింద నా బల్ల ఉంది. స్లిప్పు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు చూశాను. తలకిందులుగా, కాళ్ళు పైకి పెట్టుకుని ఉంది. దాని పొట్టి కాలికి అట్టముక్క ఇంకా వేలాడుతూనే ఉంది. ఈసారి కమిటీవాళ్ళు ఫోటోలు తీసుకుని వెళ్ళిపోయాక, మీరు ఆ మెట్ల కిందికి దయచేస్తే, దాన్ని పైకి మోసుకొచ్చే కూలి నేను పెట్టుకుంటాను.

ఇట్లు,
బ్రోషర్, మూడో పేజీ

తా.క.: ఇయర్‌ఫోన్ కౌంటర్లో అప్పగించాను. నా పెన్సిల్ మాత్రం ఇంకా మీ కడుపులోనే ఉంది. అది మా అమ్మాయిది, రోజూ అడుగుతోంది.