గండికోటకు కొత్త పేరు పెట్టిన మహానుభావులకు

గండికోటను ‘భారతదేశపు గ్రాండ్ కాన్యన్’ అని మొదట పిలిచిన మహానుభావుడెవరో తెలిస్తే జమ్మలమడుగు బస్టాండులో శాలువా కప్పాలని ఉంది. ఎర్రమల కొండలను పెన్న కోసుకుపోయిన చోటును మన పెద్దలు గండి అన్నారు. దాని అంచున కట్టిన కోటను గండికోట అన్నారు. చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యే పేరుకు పరువేం ఉంటుంది? అసలు గ్రాండ్ కాన్యన్ లోయ ఉన్న అమెరికాలో, కొలరాడో నది ఒడ్డున ఎవరైనా ‘ఇది మా గండికోట’ అని మురిసిపోతున్నారేమో కనుక్కోవాలి.

మొన్న తెల్లవారుజామున అక్కడ ‘బాధ్యతాయుత పర్యాటకుల’ దర్శనభాగ్యం కలిగింది. పదకొండు మంది, నాలుగు కార్లు, వెదురు బ్రష్షులు, చొక్కాల మీద ‘స్థానిక సంస్కృతిని గౌరవిద్దాం’. సూర్యోదయం వీడియోకు ఒక పెద్దాయన మేకలు అడ్డొచ్చాయి. తోలుకుపొమ్మన్నారు. తోలుకుపోయాడు. తీరా చూసుకుంటే వీడియోలో ఏదో వెలితి: సంస్కృతి లేదు! “పెద్దాయనా, మేకలతో మళ్లీ రండి.” వచ్చాడు. తలపాగా సరిగా పడలేదట, ఇంకోసారి. మూడోసారికి మేకలు సంస్కృతికి సహకరించడం మానేశాయి. ఒకటి డ్రోన్ మోతకు బెదిరి మాధవరాయస్వామి గుడి వైపు పరుగు తీసింది. ఇంకొకటి కారు పక్కన పడి ఉన్న చిప్స్ పొట్లాన్ని నమలసాగింది. “ప్లాస్టిక్ తింటోంది, చూసుకోవద్దా!” అని పెద్దాయనకే పర్యావరణ పాఠం. ఆ పొట్లం ఎవరిదని మేక అడగలేదు.

(పెమ్మసాని నాయకులు ఏలిన కోట ఇది. ధాన్యాగారం గోడల మీద మేకుతో గీసిన ప్రేమజంటల పేర్ల గురించి ఇంకోసారి ఏడుస్తాను.)

“మీది ఈ ఊరేనా?” అని అడిగారు, సంస్కృతి కోసం.

“కాదు సార్, తాళ్లప్రొద్దుటూరు. నీళ్లలో పోయింది.” పడమటికి చెయ్యి చూపించాడు.

“ఓహో, డ్యామ్ వెనక నీళ్లా? బోటింగ్ ఉందా?”

బోటింగ్! 2020లో గండికోట జలాశయం నింపినప్పుడు కొండాపురం మండలంలోని ఆ ఊళ్లోకి నీళ్లు వచ్చాయి. పరిహారం కోసం జనం ధర్నాకు కూర్చున్నారు. ఆ నీళ్ల అడుగున పసుపు రాసిన గడపలున్నాయి, పెళ్లిపందిళ్లు వేసిన వాకిళ్లున్నాయి. సిగ్గులేని చొక్కాల్లారా, ఆ మనిషి చెప్పింది ఒక్క మాట. అదైనా వినలేరా?

పెద్దాయన జవాబివ్వలేదు. గుడి వైపు పారిపోయిన మేకను వెతుక్కుంటూ వెళ్లాడు.

“ఈ నడక చాలా సహజంగా ఉంది” అంటూ వెనకనుంచి వీడియో తీసుకున్నారు.