చేంతాడు ఎవరి చేతిలో, నిర్ణయం ఎవరి చేతిలో?

భూగర్భ జలం ఎంత తగ్గిందో అధికారులు కొలిచి చెప్పకముందే ఆ సంగతి నీళ్లు తోడే మనిషికి తెలిసిపోతుంది. నిన్నటిదాకా సరిపోయిన చేంతాడు ఇవాళ అందదు. ఇంకో మూర ముడివేయాలి. కొన్నాళ్లకు నీళ్ల రుచి కూడా మారుతుంది. చాలా దేశాల పల్లెల్లో ఆ తాడు ఆడవాళ్ల చేతిలోనే ఉంది. కరువును ఎలా తట్టుకోవాలో మాట్లాడే మీటింగ్‌కు మాత్రం భూమి ఎవరి పేరున ఉంటే వాళ్లకే పిలుపు వెళ్తుంది.

కాగితం మీద మాటకు కొదవ లేదు. వాతావరణ మార్పుకు తగ్గట్టు చేసుకునే సర్దుబాట్లు స్త్రీ పురుషుల మధ్య తేడాలను పట్టించుకోవాలని, స్థానిక జ్ఞానాన్నీ ఆధారం చేసుకోవాలని 2015 నాటి పారిస్ ఒప్పందం ఏడో అధికరణంలో ఉంది. 2017లో జర్మనీలోని బాన్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సు, ఈ పనుల్లో ఆడవాళ్లకూ సమాన పాత్ర ఉండాలంటూ జెండర్ కార్యాచరణ ప్రణాళికను ఆమోదించింది. అయినా మగవాళ్లు ఇంటి పెద్దలుగా ఉన్న గ్రామీణ కుటుంబాల కంటే ఆడవాళ్లు పెద్దలుగా ఉన్నవి ఎండల తీవ్రతకు 8 శాతం, వరదలకు 3 శాతం ఎక్కువగా ఆదాయం కోల్పోతున్నాయని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2024లో లెక్క చెప్పింది.

విత్తనం సంగతే చూడండి. కోతకు ముందే చేలో తిరిగి, వాన వెనకబడినా గింజ బాగా పట్టిన కంకుల్ని ఏరి, విడిగా ఆరబెట్టి, బూడిద కలిపి దాచే పని చాలాచోట్ల ఆడవాళ్లదే. ఏ రకం త్వరగా చేతికొస్తుంది, ఏది పురుగు పట్టకుండా నిలుస్తుంది, దేని గడ్డి పశువులు తింటాయి అన్నది వాళ్లకు చేసి చూసిన విషయం. కొత్త రకం తెచ్చిన అధికారి మాత్రం దిగుబడి ఎంతని ఇంటాయన్నే అడిగి వెళ్లిపోతాడు. గడ్డి తక్కువిచ్చే పొట్టి రకం వేశాక, మేత కోసం ఇంకెంత దూరం నడవాలో తెలిసేది ఆమెకు.

పాత గుర్తులన్నీ ఇప్పటికీ పనికొస్తాయని నేను అనను. కాలం గతి తప్పాక చెట్టు పూత చూసి విత్తితే మోసపోవచ్చు. వాన అంచనా ఆమె ఫోనుకూ రావాలి, ఆమెకు అర్థమయ్యే మాటల్లో రావాలి. నా అసలు భయం వేరే ఉంది. ఆడవాళ్ల జ్ఞానాన్ని పొగిడి, నర్సరీలు, విత్తన బ్యాంకులు, చెట్ల కాపలా అన్నీ జీతం లేకుండా వాళ్ల నెత్తినే పెడతారేమో! ఇంటి చాకిరీతోనే వాళ్లకు పొద్దు చాలడం లేదు.

మగవాళ్లు వలసపోయిన ఇళ్లలో పరిస్థితి ఇంకా కష్టం. సాగంతా ఆమెదే, కానీ అప్పు కావాలంటే ఆయన సంతకం కావాలి. పంట మునిగిన రోజు చేలో ఉన్నది ఆమె, పరిహారం పడేది ఆయన ఖాతాలో. ముందు రికార్డుల్లో సాగు చేసే మనిషి పేరు రాయండి.