పెళ్లాం ఏమన్నా లగేజీనా?

తెరచాప పడవ మీద దేశాలు తిరిగే జంటల వీడియో ఎవరు పెట్టినా సరే, మనవాళ్ల మాటలు రెండే రకాలు. ఒకటి, "తిన్నది అరగక పోయిండ్రు." రెండోది, "వానికంటే బుద్ధి లేదు, పెళ్లాన్నెందుకు తీస్కపోయిండు నీళ్లల్లకు?" మా చుట్టాల గ్రూపులోనూ ఇదే. యాంకర్ (లంగరు) పట్టు జారి, రాత్రిపూట పడవ రాళ్ల వైపు కొట్టుకుపోతుంటే ఇద్దరూ కిందామీదా పడుతున్న వీడియో అది. చైన్ లాగుతున్నది ఆమె, అరుస్తున్నది అతను. హన్మకొండలో సోఫాలో కూచుని మా బాబాయి తీర్పు ఇచ్చేశాడు, "పాపం ఆ పిల్లను ఆగం చేసిండు" అని. నాకు ఒళ్లు మండింది.

తీస్కపోవడానికి పెళ్లాం ఏమన్నా లగేజీనా?

మారిస్, మారలిన్ బెయిలీ అని ఇంగ్లండ్ జంట ఒకటి ఉండేది. ఇల్లు అమ్మి పడవ కొందామన్న ఆలోచన ఎవరిదనుకున్నారు? ఆమెదే. ఆమెకు ఈత కూడా రాదు. ఇద్దరి పేర్లూ కలిపి పడవకు ఆరలిన్ అని పెట్టుకుని, 1972లో న్యూజిలాండ్‌కని బయలుదేరారు. 1973 మార్చి 4న, పనామా దాటి గలాపగోస్ దీవుల వైపు పోతుంటే తిమింగలం గుద్దింది. పడవకు బొక్క పడి, గంట కూడా కాకముందే మునిగిపోయింది. చేతికందిన డబ్బాలు పట్టుకుని గాలి తెప్పలోకి, దానికి కట్టిన చిన్న రబ్బరు పడవలోకి దిగారు. ఇక జూన్ 30 దాకా, దాదాపు నాలుగు నెలలు, పసిఫిక్ మీదే! పిన్నీసులు వంచి గాలాలు చేశారు, తాబేళ్లను పట్టి కోసి పచ్చి మాంసమే తిన్నారు, వాన పడితే ఆ నీళ్లు పట్టుకుని తాగారు. తెప్పకు చిల్లి పడింది, గాలి కొట్టడం, అది దిగడం, మళ్లీ కొట్టడం. ఏడు ఓడలు వీళ్లను చూడకుండానే పోయాయి. చివరికి దక్షిణ కొరియా చేపల ఓడ ఒకటి ఎక్కించుకుంది.

మారిస్ మధ్యలోనే డీలా పడిపోయాడు. డైరీ రాసింది, తర్వాత కట్టబోయే పడవ ఎట్లుండాలో గీసుకుంది, అందులో వండబోయే వంటలు లెక్కేసుకుంది మారలిన్. ఆమె వల్లే బతికామని మారిసే తర్వాత చెప్పుకున్నాడు. ఆ రెండో పడవ నిజంగానే కట్టించుకుని దక్షిణ అమెరికా కొసనున్న పటగోనియా దాకా పోయారు కూడా. ఇప్పుడు చెప్పండి, ఎవరు ఎవర్ని తీస్కపోయినట్టు?

తప్పు పట్టాలంటే పట్టొచ్చు. ఆ పడవలో కబురు పంపే రేడియో లేదు. డబ్బుల్లేక కాదు, బయటివాళ్ల జోక్యం మనకొద్దని మారిస్ కావాలనే పెట్టించలేదట. ఇది మాత్రం నాకు మింగుడు పడదు. తిట్టేదేదో దానికి తిట్టండి, బయలుదేరినందుకు కాదు.

సెయిలింగ్ అంటే డెక్ మీద జ్యూస్ తాగుతూ సెల్ఫీలు అనుకుంటారు మనవాళ్లు. ఆ పడవలు గంటకు తొమ్మిది, పది కిలోమీటర్లు పోతే గొప్ప. నడిసముద్రంలో యాంకర్ వేసి పడుకుందామంటే లోతు అందదు, రాత్రంతా నడవాల్సిందే. ఉన్నది ఇద్దరే కాబట్టి మూడు నాలుగు గంటలకొకరు కాపలా. సింగరేణిలో షిఫ్టులు మారినట్టు ఒకరు లేచేసరికి ఇంకొకరు పడుకుంటారు. ఇంక మొగుడూపెళ్లాలు మాట్లాడుకునేదెప్పుడు, కొట్లాడుకునేదెప్పుడు! స్పెయిన్, పోర్చుగల్ తీరాల్లోనైతే 2020 నుంచి ఓర్కాలు (కిల్లర్ వేల్స్ అంటారే, అవి) వచ్చి చుక్కాని విరగ్గొడుతున్నాయి, కొన్ని పడవలు మునిగాయి కూడా. అన్నీ దాటుకుని కొత్త దేశం చేరితే పసుపు జెండా ఎగరేసి, ఆఫీసర్లు సరేననే దాకా ఆగాలి.

ఇంతకీ ఈ తీర్పులు చెప్పేదెవరు? ఎండాకాలం సెలవుల్లో అందరం కలిసి ఒక చెరువు మీద బోటింగుకు పోయాం. లైఫ్ జాకెట్ ఇస్తే చెమట వాసనని చెప్పి మా బాబాయే దాన్ని సీటు మీద వేసుకుని కూచున్నాడు. పిల్లలకు తొడిగినవాటికి క్లిప్పులు విరిగిపోయి, పట్టీలు ముడేసి ఉన్నాయి. బోటు నడిపే అతను కిమ్మనలేదు. నడిమధ్యకు పోయాక ఫొటో కోసమని అందరూ లేచి ఒకే పక్కకు వచ్చారు. బోటు వంగితే "ఓయ్" అని నవ్వులు! వీళ్లకు ఆ వీడియోలోని జంట పిచ్చోళ్లలా కనిపిస్తున్నారు.

ఇంకోటి. మా ఊళ్లో అన్నలు, తమ్ముళ్లు అందరూ నడుముకు బెండ్లు కట్టుకుని బాయిలో ఈత నేర్చుకున్నారు. మమ్మల్ని గడ్డ మీద వాళ్ల బట్టలకు కావలి పెట్టారు. "ఆడివిల్లకు ఈత ఎందుకే" అన్నది మా అవ్వ. ఇప్పుడేమో ఆడోళ్లకు నీళ్లంటే భయమని వీళ్లే జాలి పడతారు. 2017 సెప్టెంబరులో గోవా నుంచి తారిణి పడవ మీద బయలుదేరి, ప్రపంచం చుట్టి 2018 మేలో తిరిగొచ్చిన ఆరుగురు నేవీ ఆఫీసర్లూ ఆడవాళ్లే. అందులో ఐశ్వర్య బొడ్డపాటిది హైదరాబాదు, పి. స్వాతిది విశాఖపట్నం. వాళ్లను ఎవరు తీస్కపోయిండ్రు బాబాయ్?

ఇది గ్రూపులో పెడితే మా పెద్దమ్మ ఒకటే అడిగింది, "తాబేలు రుచి ఎట్లుంటదట?" అని. మా ఆయనేమో హుస్సేన్‌సాగర్‌లో సెయిలింగ్ నేర్పుతారట, పోదామా అంటున్నాడు. ముందు నాకు ఈత రావాలి. హన్మకొండలో గానీ కాజీపేట వైపు గానీ ఆడవాళ్లకు వేరే టైమింగ్ ఉండి, నేర్పేది కూడా ఆడమనిషే ఉన్న పూల్ ఎవరికైనా తెలిస్తే చెప్పండి. ఫీజు ఎంతో కూడా రాయండి.