చెలమలో పడితే రెండు పరుగులు

పోయిన సీజన్‌లో మన అసోసియేషన్ గోల్ఫ్ టోర్నమెంట్ ముగిశాక, పులిహోర తింటూ ఒక తీర్పు చెప్పాం. పద్నాలుగో హోల్ దగ్గర కార్టు దారి పక్కన పొడుగ్గా ఇసుక మేట ఉంది. ముందు వెళ్ళిన నలుగురు అది బంకరే (కోర్సులో అడ్డంకిగా పెట్టే ఇసుక గుంత, అందులో కొట్టేముందు క్లబ్బు ఇసుకకు తగిలితే తప్పు) అనుకుని, క్లబ్బు ఇసుకకు తగలకుండా ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఆడారు. వెనక వచ్చినవాళ్ళలో ఒకాయన అది ఉత్త ఇసుక నేల అనుకుని బంతి వెనక క్లబ్బు ఆనించాడు, రెండు ప్రాక్టీస్ స్వింగులు ఊపి ఇసుక రేపాడు, తర్వాత కొట్టాడు. కమిటీలో ముగ్గురం చేతుల్లో ప్లేట్లతోనే చర్చించి, తక్కువ దెబ్బలతో ముగించినవాడే గెలిచే ఈ ఆటలో ఆయనకు జరిమానాగా రెండు స్ట్రోకులు (దెబ్బలు) వేశాం. దాంతో కప్పు వేరేవాళ్ళింటికి పోయింది. ఆయన ఇప్పటికీ నా ఫోన్ ఎత్తడు. ఎందుకు ఎత్తాలి? ఆ ఇసుక ఏమిటో పొద్దున్నే చెప్పవలసింది మేం. చెప్పలేదు.

ఈ ఏడాది రూల్స్ కాగితం రాసే పని నాకే తగిలించారు. తిరుపతిలో అమ్మ వాళ్ళింట్లో కూర్చుని రాస్తున్నాను. గ్రూపులో అప్పుడే సలహాలు మొదలయ్యాయి. "ఫ్రెండ్లీ మ్యాచే కదా, అక్కడికక్కడ అడ్జస్ట్ చేసుకుందాం" అన్నారు ఇద్దరు ముగ్గురు. నేను చూసినంతవరకు అక్కడికక్కడ అడ్జస్ట్ అయ్యేది ఎప్పుడూ మెత్తగా ఉండేవాడే.

నిన్న సాయంత్రం మామతో తొండవాడ వెళ్ళి స్వర్ణముఖిలో కాసేపు నడిచాను. మామ డ్రిల్లు మాస్టరుగా రిటైరయ్యాడు. చిన్నప్పుడు ఈ ఏట్లోనే టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడేవాళ్ళం. పొడి ఇసుకలో బంతి లేవదు. అందుకని పిచ్ మేరకు బిందెలతో నీళ్ళు పోసి, కాళ్ళతో తొక్కి గట్టి చేసేవాళ్ళం. ఆ నీళ్ళ కోసం తవ్విన చెలమ ఎప్పుడూ ఫీల్డింగ్ మధ్యలోనే ఉండేది. చెలమలో బంతి పడితే రెండు పరుగులు, తెచ్చేది బౌలరు. ట్రాక్టర్లు ఇసుక ఎత్తిన గుంతలో పడితే డెడ్ బాల్. ఇవన్నీ టాస్‌కు ముందే ఒకడు గట్టిగా అరిచి చెప్పేవాడు. వానొచ్చి ఏరు పారితే చెలమ పూడిపోయేది. మరో చోట తవ్వేవాళ్ళం, రూలు మళ్ళీ అరిచేవాళ్ళం.

"ఏమప్పా, ఇసక అంటే ఇసకే కదా. దాంట్లో ఏది బంకరు, ఏది కాదు?" అన్నాడు మామ.

గోల్ఫ్ రూల్స్ ప్రకారం బంకరంటే దానికోసమే సిద్ధం చేసిన ఇసుక చోటు. గట్టు దాటి బయట చిందిన ఇసుక బంకరు కిందికి రాదు. సహజంగా ఉన్న ఇసుక నేల కూడా రాదు, కమిటీ వస్తుందని చెబితే తప్ప. ఆ ఒక్క "తప్ప"లోనే కొంపలు మునుగుతాయి. అమెరికాలో జరిగే పెద్ద గోల్ఫ్ పోటీ పీజీఏ ఛాంపియన్‌షిప్ 2010లో విస్లింగ్ స్ట్రెయిట్స్ అనే కోర్సులో జరిగింది. అక్కడ ఇసుక గుంతలు వెయ్యికి పైనే. ప్రేక్షకులు తొక్కి పాడుచేసినవి కూడా బంకర్లేనని లోకల్ రూల్ (ఆ పోటీ వరకు కమిటీ పెట్టుకునే రూలు) రాసి, ఆటగాళ్ళ గదిలో అంటించారు. ఆఖరి రోజు ఆఖరి హోల్‌లో ఒక్క స్ట్రోకు ముందున్న డస్టిన్ జాన్సన్ అలాంటి గుంతను జనం తొక్కిన నేల అనుకుని క్లబ్బు ఆనించాడు. రెండు స్ట్రోకులు పడ్డాయి, ప్లేఆఫ్ (సమంగా నిలిచినవాళ్ళ మధ్య తేల్చే ఆట) చేజారింది, ఐదో స్థానంలో తేలాడు. సరిగ్గా రెండేళ్ళకు అదే ఛాంపియన్‌షిప్ కియావా ఐలాండ్‌లో జరిగింది. ఆ కోర్సు గీసింది కూడా విస్లింగ్ స్ట్రెయిట్స్ గీసిన పీట్ డైయే. అక్కడ ఇసుకంతా మామూలు నేలే, క్లబ్బు ఆనించుకోవచ్చు అన్నారు. ఆ ఏడాది రోరీ మెకిల్రాయ్ ఎనిమిది స్ట్రోకుల తేడాతో గెలిచాడు, ఇసుక మీద ఎవరూ కొట్టుకోలేదు.

నా దృష్టిలో రెండు రూల్సూ మంచివే. మన పద్నాలుగో హోల్‌ ఇసుకను ఏమన్నా నాకు అభ్యంతరం లేదు, బంకరన్నా సరే, నేలన్నా సరే. ఏదో ఒకటి మొదటి బంతి కొట్టకముందు కాగితం మీద ఉండాలి, మొదటి బంతి కొట్టే చోట (దాన్నే టీ అంటారు) ఒకరు గట్టిగా చదవాలి. గదిలో అంటిస్తే ఎవరు చదువుతారో జాన్సన్ చూపించాడు కదా.

2016 యూఎస్ విమెన్స్ ఓపెన్ ప్లేఆఫ్ సంగతి చెబితే మామ నమ్మలేదు. అన్నా నార్డ్‌క్విస్ట్ బంకరులో క్లబ్బు వెనక్కి తీస్తున్నప్పుడు నాలుగు ఇసుక రేణువులు కదిలాయి. టీవీ కెమెరా దగ్గరగా చూపిస్తే తప్ప కనపడలేదు. చివరి హోల్ ఆడుతుండగా రెండు స్ట్రోకులని చెప్పారు, బ్రిటనీ లాంగ్ గెలిచింది. "నాలుగు రేణువులకా!" అని మామ చెప్పుతో ఇసుక చిమ్మాడు. 2017లో దాన్ని సరిదిద్దారు. మామూలు కంటికి ఆనకుండా వీడియోలో మాత్రమే కనిపించేదానికి ఇప్పుడు పెనాల్టీ లేదు.

ఇంకో ప్రతిపాదన కూడా వచ్చింది. కొత్తగా ఆడేవాళ్ళకు బంకరు వద్దట, బంతిని చేత్తో తీసి గడ్డి మీద పెట్టుకోనివ్వాలట. దీనికి నేను ఒప్పుకోను. లోకల్ రూల్ పేరుతో అసలు రూలును ఎత్తేసే అధికారం కమిటీకి లేదు. పైగా కొత్తవాళ్ళకు ఎవరూ చెప్పని దారి 2019 నుంచి ఉంది. బంకరులో బంతి ఆడలేనిదని ప్రకటించి, రెండు స్ట్రోకులు వేసుకుని, హోల్‌కూ బంతికీ సూటిగా వెనక్కి బంకరు బయటికి వచ్చి ఆడుకోవచ్చు. ఏడుసార్లు ఇసుకను బాది మొహం కందగడ్డ చేసుకునే దానికంటే రెండు చవకే. బంతి పక్కన ఎండుటాకు, రాయి ఉంటే బంతి కదలకుండా తీసేయొచ్చని కూడా మనవాళ్ళలో చాలామందికి తెలియదు. 2019కి ముందు ముట్టుకోనిచ్చేవాళ్ళు కాదు, ఆ భయం అలాగే ఉండిపోయింది.

"ఫ్రెండ్లీ మ్యాచ్‌ల్లోనే తలకాయలు పగిలేది అల్లుడూ. జిల్లా మ్యాచ్ అయితే అంపైరు ఉంటాడు" అన్నాడు మామ. తర్వాత తడిగా ఉన్న చోట కర్రతో పొడిచి, "సరే, నీ బంకరులో నీళ్ళు నిలిస్తే?" అన్నాడు.

బంకరులోనే నీళ్ళు లేని చోటికి మార్చుకుంటే ఉచితం. బయటికి రావాలంటే ఒక స్ట్రోకు. పూర్తిగా మునిగిపోతే ఫలానా హోల్ బంకరు మరమ్మతులో ఉన్న నేల (అంటే బంతిని ఉచితంగా బయటికి తెచ్చుకోవచ్చు) అని కమిటీ ప్రకటించొచ్చు. అయితే ఏ బంకరో చూపించి చెప్పాలి, నిండినవన్నీ అని గంపగుత్తగా రాయకూడదు.

"అయితే పొద్దున్నే పోయి చూసేది ఎవురు?"

అది కాగితంలో లేదు. ఇంటికొచ్చి అడుగున చేర్చాను: ఉదయం ఆరింటికి బంకర్లన్నీ చూసి రావలసినవాళ్ళు ఇద్దరు. ఒకటి నా పేరు. రెండో పేరు కోసం పోయిన ఏడాది కప్పు పోగొట్టుకున్న ఆయనకే ఫోన్ చేశాను. ఎత్తలేదు. పద్నాలుగో హోల్ ఇసుక ఫోటో పెట్టి, ఇది ఏమిటో మీరే చెప్పండి అని మెసేజ్ రాశాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి.